రెండు చక్రాలూ తిరిగాయి

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఒక అబద్ధం నాతోపాటే నిద్ర లేస్తోంది, నాతోపాటే అన్నానికి కూర్చుంటోంది. భయంతో అన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మొదటిసారి భయంతోనే అన్నాను, నిజమే. రెండోసారి? రెండోసారి ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం చూసి, బాగా ఆలోచించుకునే అన్నాను. ఆ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా ఇన్నేళ్లు రెండిటినీ కలిపి ఒకటే చేసేశాను.

మాది తెనాలి. జంపని వైపు పొలాలుండేవి. రేపల్లె రోడ్డులో ఒక రైసుమిల్లులో నాన్నకి వాటా ఉండేది. నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం రాక, వెతుక్కోవాల్సిన అవసరమూ లేక తిరుగుతున్న రోజులు. రెండువేల ఆరు. నెట్ సెంటర్లో కూర్చుని జపాన్ కొండదారుల్లో కార్లు పక్కకి జారుతూ మలుపులు తిరిగే వీడియోలు చూసేవాణ్ణి. ఒక్కో వీడియో రావడానికి అరగంట పట్టేది. డ్రిఫ్టింగ్ అంటారు దాన్ని. చూసేవాళ్లకి బండి అదుపు తప్పినట్టు ఉంటుంది, నడిపేవాడికి మాత్రం అంతా చేతిలోనే ఉంటుంది. నాకు అది కావాలనిపించింది. ఎందుకు? నా చేతిలో అంటూ అప్పటికి ఏదీ లేదు కాబట్టేమో. ఇప్పుడు అలా అనిపిస్తోంది. అప్పుడైతే ఒట్టి పిచ్చి.

అలా జారాలంటే వెనక చక్రాలతో నడిచే బండి ఉండాలి. బాపట్లలో రిటైరైన ఒక డాక్టరుగారి షెడ్డులో పాత కాంటెస్సా కారు పడి ఉందని తెలిసి కొన్నాను. పొడుగ్గా, బరువుగా, పెళ్లికొడుకుని ఊరేగించే బండిలా ఉండేది. దాన్ని స్పోర్ట్స్ కారు చేసింది మస్తాన్ బాబాయ్.

అంగలకుదురు వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. అప్పటికి నలభై ఐదేళ్లుంటాయి. లారీ ఇరుసులు, ట్రాక్టరు ట్రాలీలు వెల్డింగ్ చేయడంలో చుట్టుపక్కల ఆయన పేరే చెప్పేవాళ్లు. మస్తాన్ అతికితే పక్కన ఇనుము విరగాలిగానీ అతుకు ఊడదని లారీ డ్రైవర్లు అనేవాళ్లు. ఎవరైనా ఎదురుగా అంటే తల వంచుకుని నవ్వేవాడు. నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగును. నాన్న ట్రాక్టర్లన్నీ అక్కడికే వెళ్లేవి.

రెండు నెలలు పట్టింది. వెనక సీటు పీకేశాం. స్ప్రింగులు బిగువు చేశాం. చేతి బ్రేకు తీగ మార్చి, ఒక్క లాగుకి వెనక చక్రాలు ఆగిపోయేలా చేశాడు. వెనక అరిగిపోయిన టైర్లు వేసి, గాలి ఎక్కువ కొట్టించాం. అసలు పని డిఫరెన్షియల్‌ది. వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా అది. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒక చక్రం తక్కువ తిరిగేలా చూస్తుంది. డ్రిఫ్టింగ్‌కి అది అడ్డం. లోపలి గేర్లని వెల్డింగ్ చేసేస్తే రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. నేను నెట్‌లో చదివి చెప్పాను. ఆయన వంగి వెనక ఇరుసంతా చూసుకున్నాడు.

“ఇది రోడ్డు మీద తిరిగే పని కాదండి బాబూ,” అన్నాడు చివరికి. “మిల్లులో ఆడుకోండి. రోడ్డెక్కితే ముసలాళ్లలా నడపండి. మాటిస్తేనే చేస్తాను.”

ఇచ్చాను.

మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఉండేది, ఎకరం పైనే. సీజన్ లేనప్పుడు ఖాళీ. నీళ్లు చల్లి, మధ్యలో ఆయిల్ డ్రమ్ము నిలబెట్టి దాని చుట్టూ తిప్పేవాణ్ణి. రెండో గేరులో వెళ్లి, స్టీరింగు కాస్త లోపలికి తిప్పి, క్లచ్ నొక్కి చేతి బ్రేకు టక్కున లాగి వదలాలి. బండి వెనక భాగం బయటికి విసురుకుంటుంది. ఆ క్షణంలో స్టీరింగు జారుతున్న వైపుకే తిప్పి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్‌తో పట్టుకోవాలి. ఎక్కువ తొక్కితే బొంగరంలా తిరిగిపోతుంది, తక్కువైతే చప్పున నిటారు అయిపోతుంది. మూడు వారాలు బొంగరంలా తిరగడమే అయింది. మస్తాన్ బాబాయ్ గట్టు మీద కూర్చుని ఇంజను చప్పుడు వినేవాడు. “డ్రమ్ముని చూడకండి, ఎటెళ్లాలో అటు చూడండి,” అని అరిచేవాడు. ఆయనకి కారు నడపడం పెద్దగా రాదు. కానీ బండి ఏమనుకుంటుందో తెలుసు. మొదటిసారి డ్రమ్ము చుట్టూ పూర్తిగా ఒక చుట్టు జారి వచ్చిన రోజు ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నా జీవితంలో నేను సొంతంగా నేర్చుకున్నది అదొక్కటే. ఆ సంతోషాన్ని కాదనలేను. దాన్ని కూడా నేనే పాడుచేశానని మాత్రం చెప్పగలను.

బాపట్లలో ఒక స్నేహితుడికి చూపించాలని కారు రోడ్డు మీదికి తీశాను. వెళ్లేటప్పుడు ముసలాడిలాగే నడిపాను. వాడు కారు చుట్టూ తిరిగి చూసి, “ఇదా జారేది? కోతలు కొయ్యకురా,” అని నవ్వాడు. అంతే. ఆ నవ్వుతోనే రేపల్లె మీదుగా ఇంటికి బయల్దేరాను. వాన పడి అప్పుడే ఆగింది. మధ్యాహ్నం మూడు దాటింది. రేపల్లె ఇంకా కొంత దూరం ఉందనగా కాలవ పక్కన ఎడమవైపు మలుపు వచ్చింది. తడిసిన రోడ్డు నల్లగా మెరుస్తోంది. ఎవరూ లేరనుకున్నాను.

బండి దానంతటది తిరగలేదు. బ్రేకు నేను లాగాను.

అరక్షణం అద్భుతంగా జారింది. ఆ తర్వాత తుమ్మచెట్టు వెనకనుంచి సైకిలు బయటికొచ్చింది. కాంటెస్సా వెనక భాగం దాన్ని ఈడ్చుకుంటూ రోడ్డు దిగి బురదలోకి పోయింది. సైకిలు మీదున్నాయన పేరు కోటేశ్వరరావు అని తర్వాత తెలిసింది. టైలరు. కుట్టిన స్కూలు యూనిఫారాలు మూటగట్టుకుని ఇవ్వడానికి పోతున్నాడు. తెల్లచొక్కాలు బురదంతా పరుచుకున్నాయి. కుడికాలు మోకాలి దగ్గర సైకిలుకీ బండికీ మధ్య ఇరుక్కుంది. పొలాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చి “ముందుకి తియ్యి, ముందుకి తియ్యి” అని అరుస్తుంటే మొదటి గేరేసి ముందుకి తీశాను. బండి బురదలోంచి పైకెక్కింది. ఆయన్ని ఎత్తి ఆటోలో పడుకోబెట్టారు. అప్పుడొకాయన నా చొక్కా పట్టుకున్నాడు.

“వెల్డింగ్ ఊడి చక్రాలు పట్టేశాయండి,” అన్నాను.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది? ఇన్నేళ్లూ వెతుకుతున్నాను. ముందే తయారుచేసి పెట్టుకున్నట్టు వచ్చేసింది. చొక్కా వదిలేశాడు. ఎవరు చేశారు వెల్డింగ్ అని అడిగారు. పేరు చెప్పాను.

నాన్న పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి కేసు లేకుండా సర్దుబాటు చేయించాడు. తర్వాత షెడ్డుకి వెళ్లి, పదిమందిలో మస్తాన్ బాబాయ్‌ని నానా మాటలూ అన్నాడట. మర్నాడు ఆయన మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూడా కూర్చోలేదు. వాకిట్లోనే నిలబడి, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

“బాబూ, నిజంగా ఊడిందా?”

ఇదీ ఆ రెండోసారి. ఎవరూ నా చొక్కా పట్టుకోలేదు. కొట్టేవాళ్లు లేరు. వీధిలో ఎవరూ లేరు కూడా.

“ఊడింది బాబాయ్.”

ఆయన తల ఊపాడు. “ఒక్క గంట ఇవ్వండి. డబ్బా విప్పి చూసుకుంటాను. ఎక్కడ తప్పు చేశానో తెలుసుకోవాలి గదండి,” అన్నాడు. రేపు రమ్మన్నాను. ఆ సాయంత్రమే నాన్నతో, ఆ బండి కళ్ల ముందుంటే తట్టుకోలేకపోతున్నానని చెప్పి, పాత ఇనుము వాళ్లకి పంపించేశాను. మర్నాడు ఆయన పానాలు సంచిలో వేసుకుని వచ్చాడు. బండి లేదు. మీకిది చెబుతుంటే నా చెవులు వేడెక్కుతున్నాయి. మొదటి అబద్ధాన్ని ఎవరైనా భయం ఖాతాలో వేయొచ్చు. దీన్ని ఏ ఖాతాలో వేస్తారు?

మస్తాన్ బాబాయ్ మళ్లీ వెల్డింగ్ రాడ్డు పట్టుకోలేదు. లారీలవాళ్లు రావడం తగ్గించారని కొందరన్నారు, వచ్చినా ఆయనే పంపించేశాడని కొందరన్నారు. ఏడాదికి షెడ్డు మూసి కుటుంబంతో రేపల్లె వెళ్లిపోయాడు. నేను పెళ్లి చేసుకున్నాను. ఎరువుల కొట్టు పెట్టాను. వాన పడితే కారు తీయను. ఎక్కడైనా వెల్డింగ్ నిప్పురవ్వలు కనిపిస్తే వీధి మారిపోతాను. కళ్లకి మంచిది కాదని మా ఆవిడతో అంటాను.

పోయిన వేసవిలో కొట్టుకి లోడు తెచ్చిన డ్రైవరు ఒకడు, టీ తాగుతూ మాటల్లో చెప్పాడు. రేపల్లెలో సైకిళ్లు బాగుచేసే సాయిబు ఒకాయన ఉన్నాడట. విరిగిన ఇనుము చూస్తే చాలు, ఎందుకు విరిగిందో చెప్పేస్తాడట. కానీ తను మాత్రం వెల్డింగ్ ముట్టడట. “ఆయన వేసిన అతుకు ఊడి ఒకాయనకి కాలు పోయిందంటండి. ఆ కాలుపోయినాయన ఇంటి పక్కనే ఇల్లు తీసుకుని, ఆయన పనులన్నీ ఈయనే చూస్తాడంట.” నా అబద్ధం ఊళ్లు తిరిగి, నిజంలా ముస్తాబై నా కొట్టులోకే వచ్చింది. మూడు వారాలు రేపల్లెకి బయల్దేరడం, జంపని దాకా వెళ్లి వెనక్కి రావడం. నాలుగోవారం బస్సెక్కాను. బస్సైతే వెనక్కి తిప్పడం నా చేతిలో ఉండదని.

మస్తాన్ బాబాయ్ గడ్డం తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి స్టూలు తుడిచి వేశాడు. కూర్చోలేదు. అప్పజెప్పినట్టు గబగబా చెప్పేశాను. ఆయన చేతిలో సైకిలు చైను అలాగే ఉంది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మెకానిక్కు అడిగినట్టు అడిగాడు.

“ఎన్నో గేరు?”

“రెండు.”

“బ్రేకు లాగారా?”

“లాగాను.”

“తర్వాత బురదలోంచి తీశారు గదా. అప్పుడు ఒక చక్రమే తిరిగిందా, రెండూ తిరిగాయా?”

అతుకు ఊడి ఉంటే బురదలో ఒక చక్రమే ఊరికే తిరిగేది, బండి పైకెక్కేది కాదు. ఇద్దరికీ తెలుసు. అప్పుడూ నాకు తెలుసు.

“రెండూ తిరిగాయి బాబాయ్.”

ఆయన చైను కింద పెట్టాడు. అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. చాలాసేపు. తర్వాత లేచి, రమ్మని కూడా అనకుండా నడిచాడు. వెనకే వెళ్లాను. పక్కింటి వసారాలో కోటేశ్వరరావు, పనికిరాకుండా పోయిన కుడికాలు బల్ల మీద చాపుకుని కుడుతున్నాడు. కాలితో తొక్కే పని లేకుండా మిషనుకి మోటారు బిగించి ఉంది. ఎవరు బిగించారో అడగక్కర్లేదు.

“ఇక్కడ చెప్పండి,” అన్నాడు మస్తాన్ బాబాయ్.

చెప్పాను. మిషను ఆగింది. నా మీద పడతాడని ఒళ్లు బిగబట్టుకున్నాను. ఆయన నన్ను చూడనేలేదు. మస్తాన్ బాబాయ్ వైపే చూస్తూ, “నువ్వు ఆస్పత్రికొస్తే నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను భాయ్. నీ చేతులు పడిపోనూ అన్నాను. పడ్డావు గదయ్యా అన్నీ,” అన్నాడు. మస్తాన్ బాబాయ్ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. నా అబద్ధం నాన్న చేత మాత్రమే ఆయన్ని తిట్టించిందనుకున్నాను. కాలు పోగొట్టుకున్న మనిషి చేత కూడా తప్పు చేయించానని ఆ వసారాలో తెలిసింది.

వాళ్లిద్దరూ ఏవో మాట్లాడుకుంటున్నారు. నన్ను కూర్చోమనలేదు, వెళ్లమనలేదు. క్షమించమని అడగాలని దారంతా కూడబలుక్కున్న మాట ఉంది. అడిగితే వాళ్లు నా వైపు తిరగాలి. ఆ కాస్త సమయం కూడా వాళ్ల దగ్గర తీసుకోబుద్ధి కాలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను.

మా ఆవిడకి ఆ రాత్రే చెప్పాను. ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తదు, నా మొహం మాత్రం ఒక్కోసారి కొత్తవాణ్ణి చూసినట్టు చూస్తుంది. నాన్న లేడు, ఆయనకి ఇక చెప్పలేను. ఆయన పదిమందిలో అన్న మాటల్ని పదిమందిలో వెనక్కి తీసుకోవాల్సింది నేనే. అంగలకుదురు రోడ్డులో ఆ మాటలు విన్న పాత మెకానిక్కులు ఇంకా నలుగురున్నారు. ముగ్గురి దగ్గరికి వెళ్లాను. ఒకడు మొహం తిప్పుకున్నాడు. ఒకాయన, ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ అన్నాడు. మూడో ఆయన లేచి లోపలికి వెళ్లిపోయాడు. నాలుగో షెడ్డుకి రేపు వెళ్తాను.