లిఫ్టాయనకి ఊపిరాడలేదు

ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ లిఫ్టాయనే. చుట్టుపక్కల ఏ మేడలో లిఫ్టు మొరాయించినా ఫోను ఈయనకే వస్తుంది. నూనె మరకల చొక్కా, నడుముకి తాళాల గుత్తి, నోటినిండా కబుర్లు. పనిలో వంక పెట్టడానికి లేదు. పైకి పోతున్న లిఫ్టు చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేయగలడు. వచ్చిన చిక్కల్లా ఆ నోటితోనే.

లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుపోయారంటే చాలు, ఆయనకి వారానికి సరిపడా కథ దొరికినట్టే. బయట నిలబడి తలుపు దబదబా బాది, "లోపల గాలి బోలెడుందండీ! అరిచి ఖర్చుపెట్టుకోకండి!" అనేవాడు. లోపలివాళ్ళు కాళ్ళూ చేతులూ ఆడక అల్లాడిపోతుంటే ఈయన తాపీగా పనిముట్ల సంచి విప్పేవాడు. ఆ తర్వాత టీకొట్టు దగ్గర చేరి, ఓ పెద్ద ఆఫీసరు లోపల "అమ్మా, అమ్మా" అని ఏడ్చిన వైనం అభినయించి మరీ చూపించేవాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. ఒడ్డున కూర్చున్నవాడికి ఎన్ని కబుర్లైనా వస్తాయి మరి!

అన్ని కథల్లోకీ ఆయనకి ఇష్టమైంది సొంత పెళ్ళాం కథ. పెళ్ళయిన కొత్తలో తన పనితనం చూపించుకుందామని భార్యని వెంటబెట్టుకుని కొత్తగా కట్టిన ఓ మేడకి తీసుకెళ్ళాడు. ఆవిడ అంతకుముందు లిఫ్టు ఎక్కి ఎరగదు. రెండంతస్తుల మధ్యకి రాగానే ఈయన సరదాకి లిఫ్టు ఆపేసి, దీపం ఆర్పేశాడు. "ఇప్పుడు లోకంలో నువ్వూ నేనే," అన్నాడట, మహా రసికుడిలాగా. ఆవిడ కెవ్వుమని కేకపెట్టింది. చీకట్లో గోడలు బరికింది. చివరికి గుక్క తిరగక కూలబడిపోయింది. ఈయన నవ్వుతూనే దీపం వేశాడు. ఆ రోజు నుంచి ఆవిడ మళ్ళీ లిఫ్టులో అడుగుపెట్టలేదు.

"లిఫ్టు మెకానిక్కి పెళ్ళామయ్యుండి మెట్లెక్కి వస్తుందండోయ్!" అని నలుగురూ చేరిన ప్రతిచోటా చెప్పేవాడు. ఆవిడ తల వంచుకుని, నవ్వినట్టు పెదాలు కదిపేది. ఆ నవ్వు నవ్వు కాదని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

ఆవిడకి నా అనుకునే మనిషి అక్క ఒక్కతే. చిన్నప్పుడే తల్లి పోతే చంకనేసుకుని పెంచిన అక్క. ఆ అక్క కాపురం ఓ పెద్ద మేడలో తొమ్మిదో అంతస్తులో. ఆ మేడ లిఫ్టుకి మరమ్మతులు చూసేది మన లిఫ్టాయనే. విచిత్రం చూడండి, వదినగారిని మరిది నెలనెలా చూసొచ్చేవాడు, సొంత చెల్లెలికి మాత్రం అది రానురాను గగనమైపోయింది. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు ఆవిడ మెట్లెక్కి వెళ్ళేది. అవి అరిగాక అక్కే కిందికి దిగి వచ్చేది. అక్కకి జబ్బుచేసి ఇల్లు కదల్లేకపోయాక, చెల్లెలు రోడ్డు మీద నిలబడి పైకి చూసేది. అక్క కిటికీలోంచి చెయ్యి ఊపేది. కొన్నాళ్ళకి ఆ చెయ్యి కూడా కనిపించడం మానేసింది.

"దాన్ని ఒక్కసారి పైకి తీసుకురా మరిదీ. నీ చేతిలో పనే కదా," అని అడిగింది వదిన.

"మీ చెల్లెలు మొండిఘటం వదినా. ఎక్కితే చిటికెలో పని, ఎక్కదే! నన్నేం చెయ్యమంటావు?" అన్నాడాయన.

అక్క ఆఖరి ఘడియల్లో ఉందన్న కబురు తెలియగానే మొగుడూ పెళ్ళాం పరుగెత్తారు. లిఫ్టు ముందు ఆవిడ ఒక కాలు లోపల పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. మొహం పాలిపోయింది. "నావల్ల కాదండీ. మెట్లెక్కి వచ్చేస్తాను," అంది. ఈయనకి ఒళ్ళు మండింది.

"ఇవాళ కూడా ఈ వేషాలేనా?" అని కసిరి, తనొక్కడే పైకి పోయాడు.

వదిన కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. "అది వస్తోందా?" అంది.

"వస్తోంది వదినా. మెట్లమీద ఉంది."

చెల్లెలు గోడ పట్టుకుని, మధ్యమధ్య కూలబడుతూ, లేస్తూ పైకి చేరేసరికి అంతా అయిపోయింది. వదిన అడిగిన ఆ చివరి మాట ఆయన భార్యకి చెప్పలేదు. ఎన్నో కథలు చెప్పే మనిషి ఆ ఒక్కటీ ఎక్కడా చెప్పలేదు.

ఆ తర్వాత కొంతకాలానికి నిద్ర జబ్బు బయటపడింది. గురక ఆయనకి మొదటినుంచీ ఉన్నదే. ఆ గురక ముందు తన లిఫ్టు మోటార్లు బలాదూర్ అని ఆయనే గొప్పగా చెప్పుకునేవాడు. భార్యని భయపెట్టింది మాత్రం గురక కాదు, అది ఉన్నట్టుండి ఆగిపోవడం. ఆగిన ఊపిరి మళ్ళీ వచ్చేదాకా ఆవిడ ఆయన భుజం పట్టుకుని కుదుపుతూ ఉండేది. పగలు ఆయన నిలబడ్డచోటే తూగేవాడు. ఒకరోజు లిఫ్టు పెట్టె పైకెక్కి గ్రీజు పెడుతూ కునుకు తీశాడు. తోటి పనివాడు కాలరు పట్టుకుని గుంజకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. లిఫ్టుల కంపెనీ సూపర్‌వైజరు ఖరాఖండీగా చెప్పేశాడు: "ముందు డాక్టరుకి చూపించుకో. ఈ నిద్ర సంగతి తేలేదాకా నిన్ను లిఫ్టు పైకి ఎక్కనివ్వను."

డాక్టరు పరీక్షలు చేయించి అసలు సంగతి చెప్పాడు. "నిద్రలో మీ గొంతు మూసుకుపోతోంది. ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద భారం పడుతోంది. రోజూ ఈ మాస్కు పెట్టుకుని పడుకోవాలి. మిషను గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. పెట్టుకోకపోతే మాత్రం గుండెకి ముప్పే."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు లిఫ్టాయన. అంతా మేకపోతు గాంభీర్యం.

ఆ రాత్రి పట్టీలు తల వెనక బిగించి బటను నొక్కాడో లేదో, గాలి ముక్కులోకీ నోట్లోకీ తోసుకొచ్చింది. ఊపిరి వదులుదామంటే ఎదురు తంతోంది. ఒళ్ళంతా చెమట. గదిగోడలు మీదికి జరిగొస్తున్నట్టయింది. పట్టీల కొసలు వెతికితే చేతికి దొరకలేదు. "అమ్మా!" అని అరిచాడు, అచ్చం ఆ ఆఫీసరులాగే. భార్య దీపం వేసి, మాస్కు లాగేసి, మంచినీళ్ళు తాగించింది.

ఆవిడ నవ్వుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు. ఆవిడ నవ్వలేదు.

తర్వాత రోజుల్లో ఎన్ని సాకులో! పట్టీ ఒరుసుకుంటోంది, ముక్కు మీద కమిలిపోయింది, గొంతు ఎండిపోతోంది. చివరికి మాస్కుని బట్టల కింద బీరువాలో తోసేసి, హాస్పిటలు వాళ్ళు ఫోను చేస్తే "భేషుగ్గా ఉందండీ," అని కోశాడు. పక్కనే ఉన్న భార్య అంతా విన్నది. మర్నాడు ఆవిడే మాస్కు సంచిలో వేసుకుని, ఆయన్ని బస్సెక్కించి హాస్పిటలుకి తీసుకెళ్ళింది.

అక్కడ మాస్కులు అమర్చే అమ్మాయి ఆయన ముక్కు కొలత చూసి, మొహమంతా కప్పేది తీసేసి ముక్కు వరకే ఉండే చిన్నది ఇచ్చింది. గాలి మెల్లగా మొదలై నెమ్మదిగా పెరిగే ఏర్పాటు చూపించింది. "చాలామందికి భయం వేస్తుంది అంకుల్, సిగ్గుపడకండి. ముందు పగటిపూట, మెలకువగా ఉన్నప్పుడు అలవాటు చేసుకోండి. పట్టీలు వద్దు, చేత్తో పట్టుకోండి చాలు. ఎప్పుడంటే అప్పుడు తీసెయ్యగలనని మీ చేతికి తెలియాలి. ఆంటీ, మీరు పక్కన కూర్చోండి. తొందరపెట్టొద్దు, తిట్టొద్దు, నవ్వొద్దు," అని చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం ముందుగదిలో వీధి తలుపు బార్లా తీసి, ఆవిడ ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుంది. ఆయన మాస్కు చేతిలో పట్టుకుని, దాన్ని తిప్పితిప్పి చూస్తున్నాడు తప్ప మొహం దగ్గరికి తేవడం లేదు. ఆవిడ అది తీసుకుని తన ముక్కు మీద పెట్టుకుంది. ఆవిడ! లిఫ్టు తలుపు చూస్తేనే వణికే మనిషి! కాసేపు ఉంచుకుని, మొహం పాలిపోయి తీసేసింది.

"నిజమేనండీ, భయంగానే ఉంది," అంది. "ఇక్కడ గుండెలో ఎవరో పిడికిలి బిగించినట్టుంటుంది కదూ? గాలుంది గాలుంది అని ఎవరెంత చెప్పినా నమ్మబుద్ధి కాదు. పోతున్నాం, అంతే, అనిపిస్తుంది."

"నీకెలా తెలుసే?" అన్నాడాయన.

అన్నాక తెలిసింది తానేం అడిగాడో. తల దించుకున్నాడు. ఆవిడ మాట మార్చి, మాస్కు ఆయన చేతికిచ్చింది. "మీరు పట్టుకోండి. వద్దనిపిస్తే తీసెయ్యండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

అలా రోజూ కూర్చునేవారు. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతుంటే ఈయన మాస్కు ముక్కుకి ఆనించుకుని టీవీ చూసేవాడు. తర్వాత పట్టీలు తగిలించాడు. ఆ తర్వాత గాలి పెట్టాడు. ఒకరోజు బాగానే ఉండేది, మర్నాడు మళ్ళీ మొదటికొచ్చేది. విసిరికొడితే ఆవిడ ఏరి తెచ్చి, తుడిచి, బల్ల మీద పెట్టేది. "రేపు చూద్దాం లెండి," అనేది. ఒక మధ్యాహ్నం అలా కుర్చీలోనే నిద్రపోయాడు. లేచేసరికి మాస్కు మొహానే ఉంది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. ఆయనకి తల తేలిగ్గా ఉంది. ఎన్నేళ్ళయిందో అలా నిద్రపోయి! సంతోషించాల్సిన మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అయ్యో, ఇప్పుడేమైందండీ?"

"తలుపు తీసిపెట్టి పక్కన కూర్చుంటే పోయే భయమా ఇది! తాళాలు నా నడుముకే ఉన్నాయి కదే. లిఫ్టు ఆపి, తలుపు తీసే ఉంచి, నిన్ను కూర్చోబెట్టి, నాలుగు రోజులు నీ చెయ్యి పట్టుకుని ఉంటే పోయేది. ముప్పయ్యేళ్ళు నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాను గానీ..." అన్నాడు. ఆ ఊపులోనే, దాచుకున్న మాట కూడా చెప్పేశాడు. వదిన తలుపు వైపు చూస్తూ 'అది వస్తోందా' అని అడిగిన మాట.

ఆవిడ చెయ్యి వదిలేసింది. "ఆ మాట ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నారా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. అయినా పడుకునే ముందు వచ్చి పట్టీలు మెలిపడ్డాయేమో చూసి మరీ వెళ్ళేది. ఆ చూసి వెళ్ళడం ఆయనకి తిట్టు కంటే ఎక్కువ తగిలేది.

నిద్ర కుదుటపడిందని డాక్టరు సరేనన్నాడు. సూపర్‌వైజరు మళ్ళీ పనిలోకి రానిచ్చాడు. టీకొట్టు దగ్గర ఎవరో "ఏదీ, ఆ ఆఫీసరు కథ చెప్పు," అంటే, "నాకు పనుంది," అని లేచిపోయాడు. ఇరుక్కున్నవాళ్ళతో ఇప్పుడు తలుపు దగ్గర కూర్చుని మాట్లాడుతున్నాడు. "నేనిక్కడే ఉన్నానండీ, ఎక్కడికీ వెళ్ళను," అంటున్నాడు. మంచిదే. చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి.

ఒకరోజు ఆవిడే అంది, "పదండి, అక్క వాళ్ళ మేడకి."

ఆయన తాళంచెవి తిప్పి, లిఫ్టు తలుపు తెరిచే ఉంచి, లోపల రెండు స్టూళ్ళు వేశాడు. మొదటి రోజు ఊరికే కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళు వింతగా చూస్తే, "మరమ్మతండీ, మెట్లెక్కండి," అన్నాడు. ఇంకో రోజు తలుపు మూసి తెరిచాడు. ఆవిడ ఆగమన్నప్పుడల్లా ఆగాడు. కొన్నాళ్ళకి ఒక అంతస్తు పైకి వెళ్ళి దిగారు. చివరికి ఓ సాయంత్రం ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, "తొమ్మిది నొక్కండి," అంది.

లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ కళ్ళు తెరిచి చూసింది. అక్క ఇంటి ముందు ఎవరివో చెప్పులు, పిల్లల సైకిలు. లోపల ఎవరో నవ్వుతున్నారు. ఆవిడ బయటికి అడుగేసి, ఆ ఇంటి తలుపు వంక చూసింది. పక్కనే ఉన్న మెట్ల వంక చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"ఇంతేనా అండీ?" అంది. "ఇంతలో వచ్చేసేదాన్నా?"

 లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే ఆయన చెయ్యి అడ్డంపెట్టి, ఆవిడ వెనక్కి వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.