సింహాచలం గారు

మా చిన్నప్పుడు... మల్కాపురంలో నాతో ఆడుకోడానికి ఎవరూ వచ్చేవారు కాదు.

నాన్నకి పోర్టులో ఉద్యోగం వచ్చి, అమలాపురం వైపు నుంచి కొత్తగా దిగాం. నేను నాలుగో తరగతి. బళ్ళో మొదటిరోజే పక్కనున్న పిల్లతో "కొంచెం జరగండి" అన్నాను... క్లాసంతా ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి నా పేరు "అండి". "ఒలే అండీ" అని పిలిచి పారిపోయేవారు.

సాయంత్రాలు వీధరుగు మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

చేపల గంపతో ఒకావిడ వచ్చేది. పేరు సింహాచలం. వీధంతా ఆవిడని "ఒలే సింహాచలం" అనేవారు, చిన్నపిల్లలు కూడా. నాకలా నోరు రాలేదు...

"సింహాచలం గారూ, అమ్మ రమ్మంటున్నారండి" అన్నాను.

ఆవిడ గంప దించి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమో అని.

"ఏటమ్మా... నన్నేనేటి? నా పెళ్ళినాడు గూడా నన్నెవులూ గారు అననేదు!"

పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత రోజూ అమ్మకం అయ్యాక నా పక్కన కాసేపు కూర్చునేది. సముద్రం సంగతులు చెప్పేది. ఆ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే. నాన్న తన ఆఫీసరుని "గారు" అనేటప్పుడు గొంతు తగ్గిపోయేది... అది భయం. నేను ఆవిడని పిలిచేటప్పుడు నా గొంతు వీధి చివరిదాకా వినపడేది.

ఒకరోజు అమ్మ విసుక్కుంది. "చేపలమ్మే మనిషిని గారంటావేంటే? పక్కింటివాళ్ళు నవ్వుతున్నారు. పేరు పెట్టి పిలువు."

మర్నాడు అమ్మ గుమ్మంలోనే నిలబడింది. నేను తల వంచుకుని, "సింహాచలం... చేపలు పట్రా" అన్నాను.

ఆవిడ నెత్తిమీద గంప సర్దుకుంది.

"వత్తన్నానమ్మగారూ" అంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ "గారు"లో కోపం లేదు, వెటకారం లేదు... దూరంగా వెళ్ళి నిలబడిన మనిషి మాటలా ఉంది, అంతే. చేపలిచ్చి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అరుగెక్కలేదు. ఒకసారి సందు మలుపు దాకా వెనకాలే వెళ్ళాను... పిలుద్దామని. పిలవకుండానే వెనక్కి వచ్చేశాను. కొన్నాళ్ళకి మేం కూర్మన్నపాలెం మారిపోయాం.

ఇప్పుడు ఆఫీసులో అందరూ నన్ను "మేడమ్ గారూ" అంటారు... లేచి నిలబడతారు కూడా. మధ్యాహ్నం క్యారేజీ మాత్రం ఒక్కదాన్నే విప్పుకుంటాను.

పిలవాల్సినట్టు పిలవలేకపోయిన మనిషి మీకూ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ పేరు ఇక్కడ రాయండి... చివర "గారు" పెట్టి.