అత్త మెచ్చని ల్యాప్‌టాప్‌లు

మా అత్త పోయిందన్న కబురు అందేసరికి నేను బెంగళూరులో ఒక హోటలు హాల్లో ఉన్నాను. కొత్త బిజినెస్ ల్యాప్‌టాప్‌ను నల్లగుడ్డ కింద దాచి, పొగ వదిలి, పాట పెట్టి, అప్పుడు బయటికి తీశారు. ఇది యంత్రం కాదు, అనుభూతి అంటున్నాడు సూటు వేసుకున్న ఒకాయన. అప్పుడే తమిళనాడులోని ధర్మపురి నుంచి ఫోను వచ్చింది. అక్కడ కోర్టు ఎదుట అత్త టైపు షెడ్డు పక్కనే జిరాక్సు కొట్టు నడిపే ఆయన చేశాడు.

"తంబీ, అత్త పోయింది. పొద్దున టీ తాగతా తాగతా అట్లే పక్కకి వాలిపోయింది."

లేచి బయటికి వచ్చి ధర్మపురి మీదుగా పోయే సేలం బస్సు ఎక్కాను. హోసూరు దాటకముందే ఆ కంపెనీవాళ్ల మెసేజీ వచ్చింది. మధ్యలో వెళ్లిపోయారు, పరవాలేదు, మెచ్చుకోలుగా రెండు వాక్యాలు పంపితే చాలునట. యంత్రాన్ని ముట్టుకోనైనా లేదు నేను. వాళ్లకు ఆ పట్టింపు లేదు.

ఖరీదైన ల్యాప్‌టాప్‌ల మంచిచెడ్డల గురించి ఈ పత్రికలో నేను రాసేవి చదివే మీకు ఒక నిజం చెప్పాలి. వాటిలో పనికొచ్చిన మాటలన్నీ మా అత్తవి. సోకు మాటలు మాత్రమే నావి.

ఆమె మా నాన్నకు అక్క. రేకుల షెడ్డులో కూర్చుని ఊళ్లవాళ్ల అర్జీలు టైపు చేయడమే ఆమె జీవితమంతా చేసిన పని. మొదట టైపు మిషను మీద, తర్వాత కంప్యూటరు మీద. తమిళం, ఇంగ్లీషు కీబోర్డు చూడకుండా కొట్టేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్కడి మావాళ్లలో చాలామందిలాగే ఆమెకూ తెలుగు అక్షరం రాదు. నేనూ బెంగళూరు వచ్చాకే నేర్చుకున్నాను. అందుకని నేను రాసింది ఆమె ఎన్నడూ చదవలేదు. అచ్చుకు పంపే ముందు ఫోనులో చదివి వినిపించేవాణ్ణి.

"అద్భుతమైన తెర అంటివే, ఏమిరా అద్భుతం? దాంట్లో దేవుడు కనిపించినాడా?" అనేది. ఆ మాట కొట్టేసేవాణ్ణి.

పరీక్షకని కంపెనీలు పంపే ప్రతి యంత్రాన్నీ మొదట ఆమె దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. రెండు వేళ్లతో మూత ఎత్తి చూసేది.

"ఏమిరా ఇది, ఇంత పల్చన? దీనికి వాళ్లమ్మ తిండి పెట్టలేదా?"

అలా అన్నాక కూర్చుని ఒక పూర్తి అర్జీ కొట్టేది. వెటకారం ఎంత చేసినా తీర్పులో మాత్రం అన్యాయం చేసేది కాదు. "కీలు లోతుగా ఉండాయి, వేలికి తెలస్తాది" అని ఒప్పుకునేది. ఒకసారి టీ ఒలికినా ఒక యంత్రం ఆగకుండా నడిచింది. కరెంటు పోయిన రోజు కోర్టు మూసేదాకా బ్యాటరీ నిలిచింది. చంకలో పెట్టుకుని పోయేంత తేలిక. ఇవన్నీ ఆమె ఒప్పుకున్న సుగుణాలే.

తర్వాత ప్రింటరు వైరు తీసేది. "ఇది ఎక్కడ పెట్టేది?"

"దానికి వేరే అడాప్టరు ముక్క కొనాలత్తా. దీనికి రెండే బెజ్జాలు."

"చెడిపోతే?"

"మెమరీని బోర్డుకే అతికించేసినారు. బోర్డంతా మార్చాల. బెంగళూరు పంపాల."

"అప్పుడు ఈడ నిలబడిన వాళ్లకి ఏమి చెప్పేది? మీ కేసు బెంగళూరు పోయిందనా?" అని మూత మూసేది. "దీన్ని చేసినోడు ఏసీ గదిలోనే పుట్టి, ఏసీ గదిలోనే పెరిగినట్టుండాడు."

ఒక్కసారి మాత్రం ఆమెకు చూపించకుండా రాశాను. ఇలాంటి హోటల్లోనే ఒక పూట వాడి, భోజనం చేసి, సాయంత్రానికల్లా పొగిడేశాను. అత్త దగ్గర టైపు చేయించుకునే ఒక జూనియర్ లాయరమ్మ ఫోను చేసి అడిగితే, కళ్లు మూసుకుని కొనుక్కోమన్నాను. ఆమె కొనుక్కుంది.

ఏప్రిల్ నెలలో, విచారణ రోజు పొద్దున, అది వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ వెలగలేదు. మహేంద్రమంగళం వైపు మేకలు కాసుకునే ఒక కుటుంబాన్ని ఇల్లు ఖాళీ చేయించకుండా ఆపమని అడిగే అర్జీ అందులోనే ఉంది. లాయరమ్మ ఏడుస్తూ షెడ్డుకు వచ్చిందట. ఆమె గుర్తు తెచ్చుకుంటూ చెబుతుంటే అత్త మొత్తం మళ్లీ కొట్టింది. కోర్టు లేచేలోగా దాఖలు చేశారు. స్టే వచ్చింది. అప్పుడు అత్త నాకు ఫోను చేసింది.

"ఆ ఇల్లు ఈ పొద్దుకి నిలిచింది. నువ్వు ఆ మిషనుని ఎన్ని దినాలు వాడినావు?"

"ఒక పూట, అత్తా."

"ఎక్కడ?"

"హోటల్లో."

"ఏసీలోనా?"

అవునన్నాను.

"తూ" అని పెట్టేసింది.

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. నేను తప్పు దిద్దుకుంటూ ఒక వ్యాసం రాసి, బస్సెక్కి వెళ్లి, షెడ్డు ముందు నిలబడి చదివాను. "దురదృష్టవశాత్తు, తగినంత పరీక్ష లేకుండానే ఆ ల్యాప్‌టాప్‌ను మెచ్చుకోవడం జరిగింది" అని మొదలుపెట్టాను.

అత్త టైపు ఆపకుండానే అంది. "దురదృష్టం తీసేయ్. అదృష్టం చేసిన పని కాదది, నువ్వు చేసినావు. జరిగింది అంటావేమి? నేను పొగిడినాను అని రాయి."

అలాగే రాశాను. ఆ కంపెనీ నాకు యంత్రాలు పంపడం మానేసింది. సంపాదకుడు సణిగాడు గానీ అచ్చు వేశాడు. వ్యాసం వచ్చాక అత్త నా ఫోను ఎత్తింది. మెచ్చుకోలేదు. "తిన్నావా?" అని అడిగింది.

అంత్యక్రియలు అయిన మర్నాడు సామాను సర్దడానికి షెడ్డు తెరిచాను. ఒక ముసలమ్మ గడపలో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడిన కాగితాలు.

"ఆయమ్మ లేదా?"

చెప్పాను. ఆమె బెంచీ మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కవరు నా వైపు చాచింది.

"పింఛను నిలిపేసినారు నాయనా. నీకు టైపు వస్తాదా?"

వస్తుందన్నాను. అత్త కుర్చీలో కూర్చుని కంప్యూటరు వెలిగించాను. కీబోర్డు చూస్తే ఒక్క కీ మీదా అక్షరం లేదు. అన్నీ ఆమె వేళ్లకు అరిగి, నున్నగా తెల్లబడి ఉన్నాయి. ఇన్నేళ్లు కీబోర్డుల గురించి జనానికి చెప్పిన నేను మొదటి అక్షరం కోసం వెతుక్కుంటూ ఒక్కో కీ నొక్కుతున్నాను. ముసలమ్మ నా పక్కకి జరిగి కూర్చుంది.

"మెల్లగానే కొట్టు నాయనా. మా బస్సుకి ఇంకా పొద్దుండాది."