బర్మా వార్త చివరి పేరా

వార్తా ఏజెన్సీ పంపినదాన్ని కింది నుంచి కత్తిరించాలి. పత్రికాఫీసులో నాకు మొదట నేర్పిన పని అదే. ముఖ్యమైనది పైన ఉంటుంది. కిందికి పోయేకొద్దీ చిన్న ఊళ్ల పేర్లు, ఎవరో అధికారి అన్న ముక్క, అక్కడ వానలు పడుతున్నాయన్న సంగతి. పేజీలో చోటు చాలకపోతే ముందు ఎగిరిపోయేవి ఆ చివరి పేరాలే. యాభైల మొదట్లో మాకు చోటు ఎప్పుడూ చాలేది కాదు. ఆంధ్ర రాష్ట్రం ఎప్పుడొస్తుంది, మద్రాసు ఎవరికి చెందుతుంది, ఈ రెండే పేజీలన్నీ తినేసేవి. బర్మాలో కరెన్ల తిరుగుబాటు గురించి టెలిప్రింటరు మీద జానెడు వార్త వస్తే మా పత్రికలో బెత్తెడు మిగిలేది. ఆ ఊళ్ల పేర్లకు నోరు తిరగదని మా సీనియరు ఒకాయన ఆ బెత్తెడు కూడా నా బల్ల మీదికే తోసేవాడు.

తెగిపోయిన ఆ ముక్కలు కావాలని అడిగిన మనిషిని నా ఉద్యోగం మొత్తంలో ఒక్కరినే చూశాను.

అప్పుడు నేను వాషర్‌మెన్‌పేటలో ఒక ఇంటి ముందు వాటాలో అద్దెకుండేవాణ్ణి. వెనక వాటాలో ఇంటివాళ్లు ఉండేవారు. ఇంటావిడ క్రైస్తవురాలు, భర్త లేడు. తాతల నాటి నుంచి ఆ పేటలోనే ఉన్న తెలుగు కుటుంబం. ఆవిడ కొడుకు కొన్నాళ్లు రంగూనులో బియ్యపుమిల్లు ఫిట్టరుగా పనిచేశాడు. అక్కడ ఒక దొర ఇంట్లో పిల్లల ఆయాగా ఉన్న కరెన్ అమ్మాయి తెలుగువాళ్ల చర్చికి వస్తూ ఉండేదట. ఆమెను పెళ్లాడాడు. గొడవలు మొదలవుతున్నాయనగా ఇద్దరూ ఓడెక్కి వచ్చేశారు. అతను హార్బరులో పనికి కుదిరాడు.

కరెన్లు బర్మాలో తక్కువమంది. క్రైస్తవం తీసుకున్నవాళ్లు వాళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు తుపాకులు పట్టి ప్రభుత్వం మీద తిరగబడ్డారు. తుపాకీ ముఖం చూడని మిగతావాళ్ల గుడిసెలను వాళ్ల ఇరుగుపొరుగే కత్తులతో, కాగడాలతో వచ్చి తగలబెట్టారు. ఆ అమ్మాయి తల్లి ఒక్కతే ఇరావతి పాయల మధ్య ఒక చిన్న ఊళ్లో ఉండిపోయింది. ఆమె బతికి ఉందో లేదో తెలియదు.

అమ్మాయి మా పేటలో బాగానే కలిసిపోయింది. కుళాయి దగ్గర తమిళం, ఇంట్లో తెలుగు. కొంతమందికి మాత్రం ఆ మొహం చూస్తే యుద్ధం రోజులు గుర్తొచ్చేవి. ఒకసారి ఎదురింటి ఆయన "మీ జపానుపిల్ల ఎట్లుంది?" అని అత్తగారిని అడిగాడు.

"జపానుదే అయ్యుంటే ముందర మీ ఇంటి మీదనే బాంబేసుండునే. నీ ఇల్లు ఇంకా నిలబడుండాదంటే చూసుకో, మాది కరెన్ పిల్ల" అని ఆవిడ చాట దులుపుకుంటూ లోపలికి వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి మా పత్రిక పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. భర్త చదివి వినిపించినట్టున్నాడు.

"అన్నా, ఊళ్లు కాలిపోయినాయని రాసినారు. ఏ ఊళ్లో రాయలేదే?"

"వచ్చాయమ్మా. చోటు లేక తీసేశాం."

"తీసేసింది ఏం చేస్తారు?"

"బుట్టలో వేస్తాం."

"బుట్టలో వెయ్యకుండా నాకు ఇస్తారా?"

మర్నాటి నుంచి బర్మా వార్త వచ్చినప్పుడల్లా నేను కత్తిరించిన తోకను మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేవాణ్ణి. మిషను బడిలో చదివింది కనుక ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. గోడకు ఆనుకుని, వేలితో ఒక్కొక్క పేరూ తడుముతూ చదివేది. చివరికి "లేదు" అనేది. ఆ ఊరు కాలలేదని అర్థమా, ఢిల్లీ దాకా, మద్రాసు దాకా పేరు రావలసినంత పెద్ద ఊరు కాదని అర్థమా అని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒకరోజు మాత్రం ఒక మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. తిరుగుబాటుదారుల గ్రామం అని ఉంది అక్కడ.

"మా అమ్మ కోళ్లు పెంచుతుంది. చర్చి ఊడుస్తుంది. ఆమె తిరుగుబాటుదారా అన్నా?"

"కాదమ్మా" అన్నాను. ఆమె కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చింది.

అత్తగారికి ఇది నచ్చలేదు. "ఆ కాయితాలు తేబాకు సామీ. అది చదివినపొద్దు ఆ పిల్ల అన్నం తినడంలా" అనేది. రెండు రోజులు నేను ఖాళీ చేతులతో వస్తే మళ్లీ ఆవిడే గుమ్మం దగ్గర ఆపేది. "ఏం సామీ, ఈపొద్దు ఏమీ రాలేదా?"

రంగూను ఓడ వచ్చినప్పుడల్లా అమ్మాయి భర్త దిగినవాళ్లలో తిరిగి విచారించేవాడు. అప్పట్లో బర్మా వదిలి వచ్చేస్తున్న తెలుగు కూలీలు చాలామంది. ఒకనాటి ఉదయం అతను కబురు పంపాడు. ఈ ఓడలో పాయల వైపు మిల్లుల వాళ్లున్నారు, నేను షిఫ్టు వదిలి రాలేను, మీకు ప్రెస్ పాసుంది కదా అని.

నేనూ ఆ అమ్మాయీ బయలుదేరుతుంటే అత్తగారు చీర మార్చుకుని వచ్చి జట్కాలో ముందే కూర్చుంది.

"మీరెందుకమ్మా?"

"ఆడ ఏదన్నా చెడ్డమాట వినాల్సొస్తే ఆ పిల్లను ఎవురు పట్టుకునేది? నువ్వు పట్టుకుంటావా?"

హార్బరు షెడ్డులో జనం రేకుపెట్టెల మీద, చుట్టిన చాపల మీద కూర్చుని ఉన్నారు. అమ్మాయి ఒక్కొక్క గుంపు ముందూ ఆగి ఊరి పేరు చెప్పేది. వాళ్లు తల అడ్డంగా ఊపేవారు. అత్తగారు ఆమె చెయ్యి వదలలేదు. చివరికి గోడ పక్కన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంటున్న ఒక శ్రీకాకుళం ఆడమనిషి తలెత్తింది.

"ఆ ఊరేనమ్మా మాది. మిల్లెనకాల కూలీలైను. ఎవులు కావాల?"

అమ్మాయి నా వైపు తిరిగింది. నేనే చెప్పాను, చర్చి ఊడ్చే ముసలావిడ అని. ఆ మనిషి అమ్మాయి మొహంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వు ఆయమ్మ కూతురివా? ఓలమ్మా, ఆ ముసిల్ది మా ఇంట్లోనే కదేటి ఉన్నాది ఇన్నాళ్లూ."

అమ్మాయి నేల మీద కూర్చుండిపోయింది. ఆ మనిషి ఆమె వైపు జరిగి, మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

"సర్చి తగలెట్టిన రోజు పెరటిదారిన వొచ్చింది. నా కోక కట్టినాను, బొట్టెట్టినాను, మొకానికి పొయ్యి మసి రాసినాను. ఆళ్లు కత్తులట్టుకుని లైనులోకొచ్చి ఎవులీ ముసిల్దన్నారు. మా అత్తన్నాను. మాటాడమన్నారు. సెవుడన్నాను. ఆళ్లు నమ్మినట్టు నేదు. అప్పుడింక తిట్టడం ఎత్తుకున్నాను. కోడలు అత్తని తిడతంటే ఏ దేశపోడైనా నమ్ముతాడు కదా. ఎల్లిపోయినారు. మల్లీ ఎవులైనా ఇంటారేమోనని ఆ పైన రోజూ తిట్టాల్సొచ్చింది."

"ఇప్పుడు?" అని అత్తగారు అడిగింది.

"బతికే ఉన్నాది. రంగూన్లో మన తెలుగు సర్చోళ్లకి ఒప్పజెప్పే ఓడెక్కినాను. నా కాడ సుట్ట నిప్పు నోట్లోకెట్టుకుని అడ్డపొగ తాగడం కూడా నేర్సుకున్నాది, సర్చోళ్లకి సెప్పకండేం."

అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది. అమ్మాయి ఏడవలేదు. ఆ మనిషి చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఏమని తిట్టేదానివి అక్కా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు తల్లీ."

"చెప్పక్కా."

ఆ మనిషి అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "'ఓలి ముసిలీ, గంజి తాగి ఓ మూల పడుండక ఏటలా సూత్తావు' అనీదాన్ని. దానికి గంజన్న మాటొక్కటే తెలిసింది. నాను తిట్టడం ఎత్తుకుంటే సాలు, గిన్నట్టుకుని నవ్వుకుంటా వొచ్చీసీది."

అమ్మాయి నవ్వింది. ఆమె నవ్వితే ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. నవ్వుతూనే వంగి, ఆ మనిషి ఒడిలో తల పెట్టుకుంది.

"ఇంకోసారి తిట్టక్కా" అంది.

ఆ మనిషి అనుమతి అడుగుతున్నట్టు అత్తగారి వైపు చూసింది. అత్తగారు తలూపింది. షెడ్డులో కూలీల కేకలు, పెట్టెలు ఈడ్చే చప్పుడు. ఆ గోలలో ఆమె అమ్మాయి జుట్టు నిమురుతూ, గొంతు బాగా తగ్గించి, ఓలి ముసిలీ అని మొదలుపెట్టింది.