వాలి దిబ్బ మీద టెంకాయ

ఆదోని హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన నేను, సంతకం కూడా రాని సుంకులమ్మ గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నవ్వులపాలయ్యే పని చేసింది నేనే, ఆమె కాదు.

ఆమెది పెద్దకడుబూరు దగ్గర పల్లె. పత్తి కాలంలో పత్తి తీస్తుంది, ఏడాది పొడుగునా పొద్దున్నే పేడ ఎత్తి పిడకలు కొడుతుంది. మొగుడు పోయాక రెండు ఎనుముల పాలు ఊళ్లో పోసి ఇల్లు నిలబెట్టుకుంది. పేడ చేతిలోకి తీసుకుంటే పశువు ఏం మేసిందో చెప్పేస్తుంది. మాట మాత్రం కుండబద్దలు కొట్టినట్టే.

ఆ పల్లె బయట పెద్ద బూడిద దిబ్బ ఉంది. రాముడు వాలిని చంపాక దహనం ఇక్కడే జరిగిందని, కిష్కింధ పొలిమేర ఇదేనని ఊరంతా నమ్ముతుంది. ఊరికంటే ఎక్కువ నేను నమ్మాను. అక్కడ దొరికిన ఓ నల్లని గడ్డ, గాజులా మెరిసేది, వాలి ఎముకేనని తెచ్చి దేవుడి గూట్లో పెట్టాను. నా భార్య రుక్మిణి ఇరవై రెండేళ్లు దానికి కుంకుమ పెట్టింది. అర్జీల మీద అర్జీలు పెట్టి, నిరుటికి యూనివర్సిటీ వాళ్లను తవ్వకానికి రప్పించాను. అనుమతి మూడు వారాలు. ఆ జట్టుకు పెద్ద దివ్య మేడం. తట్టలు మోసే కూలీల్లో సుంకులమ్మ ఒకతె.

రెండో రోజే ఆమె బూడిదను వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది శవం కాల్చింది కాదు సార్. పేడ బూడిద."

నాకు ఒళ్లు మండింది. "వాలిని పట్టుకోని పేడంటావా?"

"వాలిని అన్లేదు సార్. బూడిదను అంటాండా. మా దొడ్లో ఒగసారి పిడకల కుప్ప అంటుకోని వారం కాలింది. అడుగున ఇట్లాంటి గాజు గడ్డే తేలె."

అంతమంది ముందు ఆమె నాకు పాఠం చెప్పడమా! "ఎముకలు తేలుతాయి సూడు. ఆ పొద్దు నువ్వు ఈ దిబ్బ మీద టెంకాయ కొట్టి తప్పయిందని సెప్పాల" అని అరిచాను.

"తేలకుంటే మీరు కొడ్తారా సార్?"

"కొడ్తా" అన్నాను. ఓడిపోతానని కలలో కూడా అనుకోలేదు.

నా కేకకు ఊరు బిగుసుకుంది. వాలిని పేడ అన్నదాని ఇంటి పాలు మాకొద్దని మర్నాటికే అందరూ మానేశారు. పాలు విరిగిపోతుంటే పారబోసుకుంది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. పాపం నాదేనని నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. దివ్య మేడం మాత్రం ఆమె చేతిలో తట్ట తీసేసి బ్రష్ పెట్టింది.

పందొమ్మిదో రోజు బూడిద అడుగున గట్టి మన్ను తగిలింది. సుంకులమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మేడమ్మా, ఎవురూ తొక్కొద్దండి. ఈడ గిట్టలుండాయి."

రెండుగా చీలిన అచ్చు, దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన పది. ఎండిన బురదలో నిన్న నడిచినంత స్పష్టంగా ఉన్నాయి. సుంకులమ్మ నాలుగు వేళ్లు ఆనించి కొలిచింది. "ఇది ఆవు. ఈ సిన్నది దూడ, ఆయమ్మ ఎంటే పోయింది."

చుట్టూ గుంజలు పాతిన గుంతలు కూడా బయటపడ్డాయి. దివ్య మేడం మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. "పశువుల దొడ్డి సార్ ఇది. పేడ కుప్పపోసి కాల్చేవాళ్లు. నాలుగు వేల ఏళ్ల పైమాటే. ఇక్కడో ఊరుండేది."

నా కిష్కింధ పోయింది. ఏడుపు రావాలి. కానీ ఆ దూడ అడుగు చూస్తుంటే ఒళ్లు పులకరించింది. పురాణాల్లో పట్నం వెతుక్కుంటూ తిరిగినవాడికి, ఎవరూ చెప్పని ఊరు సుంకులమ్మ చేతి కింద దొరికింది.

ఆఖరి రోజు ఊరంతా దిబ్బ దగ్గర చేరింది. నేను రుక్మిణిని వెంటబెట్టుకొని వెళ్లాను. సంచిలో గూట్లోని గడ్డ, సుంకులమ్మ చేత కొట్టించాలని ఆదోని బజారులో ముందే కొన్న టెంకాయ ఉన్నాయి. అందరూ చూస్తుండగా టెంకాయ నేనే కొట్టి, "తప్పయింది సుంకులమ్మా" అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. "రేపట్నించి పాలు పొయ్యి సుంకులక్కా" అని వెనకనుంచి ఒకరన్నారు, ఆ తర్వాత నలుగురు. తవ్వకానికి ఇంకో ఏడాది అనుమతి వచ్చిందని, అడుగులు కనిపెట్టినామె పేరు రిపోర్టులో రాశానని దివ్య మేడం చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు.

రుక్మిణి మాత్రం గడ్డను చేతిలో పట్టుకొని నన్ను గుర్రుగా చూసింది. "అయితే ఇన్నేండ్లు నేను కుంకం పెట్టింది పేడకా?"

సుంకులమ్మే అందుకుంది.

"గొబ్బెమ్మకు పెట్టవామ్మా? ఇదీ అంతే. రవ్వంత పాతది."