సామి బండిలో నెత్తళ్ళ డబ్బా

అద్దెకు ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతారు, ఆ తర్వాత వంట అడుగుతారు. మద్రాసులోనే పుట్టి పెరిగిన దేవరాజులుకి ఇది కొత్త కాదు. కూతురు నివేదిత అంబత్తూరు నుంచి మైలాపూరు బడికి రెండు బస్సులు మారి వెళ్ళలేక చిక్కిపోతోందని ఇల్లు వెతికితే, ఆరిళ్ళు "ఏం తింటారు" అన్న దగ్గరే ఆగిపోయాయి. ఏడో ఇంట్లో భువనేశ్వరమ్మ అదే అడిగింది. "నీసు ముట్టమమ్మా" అన్నాడు. మేడమీది వాటా దొరికింది.

పొయ్యి మీద ఏముందో చూసి తలుపు తీసే ఊరిలో ఆ అబద్ధం ఒక్క దేవరాజులుది కాదు. కానీ ఇల్లు మారిన రోజు అతను చెప్పిన రెండో అబద్ధం మాత్రం అచ్చంగా అతనిదే.

సామాన్లు మోసే కంపెనీలని పిలిచే స్తోమత లేక, అందరూ కుట్టి యానై అనే చిన్న లోడు బండిని మాట్లాడుకున్నాడు. ఎత్తడం దించడం తామే చేసుకోవాలి. డ్రైవరు పెరుమాళ్ తిరుత్తణి పక్క తెలుగువాడు. మెడలో తులసిమాల, నల్ల పంచె, చెప్పుల్లేని కాళ్ళు. శబరిమల దీక్షలో ఉన్నాడు. మాల వేసినవాళ్ళని అందరూ పిలిచినట్టే దేవరాజులు అతన్ని సామీ అని పిలిచాడు. మోయడం అతని పని కాకపోయినా, మొగుడూ పెళ్ళాం బీరువాతో తిప్పలు పడటం చూసి తనే వచ్చి భుజం ఆనించాడు.

ఎండు నెత్తళ్ళ డబ్బాని పక్కింటివాళ్ళకి ఇచ్చేయమని తాయారు ముందురోజే మొగుడికి చెప్పింది. పులికాట్‌లో ఉంటున్న దేవరాజులు అమ్మ తన చేత్తో ఎండబెట్టి పంపిన చేపలు. అతనికి చేతులు రాలేదు. బండి మూలన పెరుమాళ్ మడిచి పెట్టుకున్న టార్పాలిన్‌లోకి ఎవరూ చూడకుండా దూర్చేశాడు. ఆఖర్న గుట్టుగా పైకి చేరవేద్దామని ఆలోచన.

కొత్తింటి ముందు బండి ఆగగానే భువనేశ్వరమ్మ మాల చూసి మురిసిపోయింది. ఉప్పూ పసుపూ ఉన్న పళ్ళెం పెరుమాళ్ చేతికిచ్చి, ముందు సామే కుడికాలు పెట్టాలని పట్టుబట్టింది. అతను పెట్టి వచ్చాడు. సగం సామాను పైకి చేరింది. అప్పుడు పెరుమాళ్ టార్పాలిన్ దులిపాడు.

డబ్బా ఎగిరి గేటు ముందు ముగ్గులో పడింది. మూత ఊడి నెత్తళ్ళు చిందాయి.

"ఏందీ కంపు? ఎవురిది ఇది?" అంది భువనేశ్వరమ్మ.

"బండాయనది లేమ్మా." దేవరాజులు నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో!

పెరుమాళ్ అతని వంక చూశాడు. మెట్ల మీద పుస్తకాల మూటతో నిలబడిపోయిన పిల్లని చూశాడు. "నాదేనమ్మా" అన్నాడు.

"మెళ్ళో మాలేసుకోని బండిలో ఇదా? నిన్ను బట్టుకోని నా ఇంట్లో కాలు పెట్టమంటినే. ఇంగ మెట్లెక్కబాకు."

పెరుమాళ్ వంగి నెత్తళ్ళన్నీ డబ్బాలోకి ఏరాడు. చేతులు కడుక్కుని బండి దగ్గరే ఉండిపోయాడు. ఒక్కో సామానూ దించి మొగుడూ పెళ్ళాలకి అందించాడు. ఫ్రిజ్జు, మంచం, కుట్టుమిషను. ప్రతిసారీ దేవరాజులు తల దించుకునే అందుకున్నాడు. డబ్బాని గుర్తుపట్టిన తాయారు మెట్ల మలుపు దగ్గర ఆగి, "ఆ సామి మొకం చూడలేకపోతా ఉండా" అని మాత్రం అంది.

అంతా అయ్యాక, మనసులో పెట్టుకోవద్దని దేవరాజులు గొణిగాడు.

"నా మాల కోసరం నెల దినాలుగా నా బిడ్డలు గుడ్డు కూడా తిన్లే" అన్నాడు పెరుమాళ్. "మీకు ఇల్లు పోతాదని నాదంటి. అది అయిపోయింది. ఈ డబ్బా మాత్రం నా బండిలో రాదు. ముందర సామి పటం ఉండాది. మీరే పట్టుకోండి."

డబ్బా అతని చేతుల్లో పెట్టి బండి తీశాడు.

వీధి చివర చెత్తతొట్టి దాకా వెళ్ళాడు దేవరాజులు. డబ్బా మూత ఎత్తాడు. అమ్మ ఎండలో కూర్చుని ఏరిన నెత్తళ్ళు. పడేయలేక వెనక్కి వచ్చాడు. గేటు దగ్గర భువనేశ్వరమ్మ, పెరుమాళ్ ఎక్కిన ఒక్కో మెట్టు మీదా పసుపునీళ్ళు చల్లుతోంది.

అది చూసి నిలవలేకపోయాడు. "అమ్మా, ఆ సామి ఏం తప్పు చెయ్యలే. ఈ డబ్బా మాది. నేనే దాచిపెడితి."

ఆమె చెంబు మెట్టు మీద పెట్టింది. పైన తాయారు పొంగిస్తున్న పాల వాసన మెట్ల దాకా వస్తోంది.

"బండి పంపించేసినారా?"

"పోయిందమ్మా."

"ఇంగోసారి పిలిపించుకోండి, మీ సామాన్లు ఎత్తుకోని పొయ్యేదానికి."

దేవరాజులు జేబులోంచి ఫోను తీశాడు. అందులో ఉన్న బండి నంబరు ఒక్కటే. పెరుమాళ్ది. డబ్బా చంకలో పెట్టుకుని ఆ పేరు వంక చూస్తూ ఉండిపోయాడు. వేలు కదల్లేదు.