ప్రతిష్ఠ చేసిన కారు

మా గజపతినగరం సంఘంలో పాస్టరమ్మ కారు తీసేముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి ప్రార్థించేది. కొరియా కంపెనీ మన దేశంలో మొదట అమ్మిన ఆ చిన్న కారును సంఘమంతా కలిసి ఆమె భర్త పాస్టరుగారికి కొనిచ్చింది. ఆయన ప్రభువునందు నిద్రించాక ఆమే డ్రైవింగ్ నేర్చుకుని పల్లెల్లో ప్రార్థన కూటాలకు తిరిగేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద షోరూం కాగితం తెచ్చాడు.

“అమ్మగారూ, అదే కంపెనీవి ఎన్ని కార్లొచ్చీసినాయో సూడండి. డిక్కీ ఉన్నవి, జీపులాంటివి, కరెంటుతో నడిసేవి. ఈ పాతదిచ్చీసి కొత్తది తెద్దాం. కొత్త పాస్టరుగారు నడుపుతారు. కారుకీ మీకూ వయసైపోనాది, ఇంట్లో కూకోండి.”

“వయసు నీకవనేదేటి, తమ్ముడూ? ఈ బానెట్ మీద సెయ్యేసి, దీన్ని దేవుడికి ప్రతిష్ఠ సేసింది నువ్వే కదా? దేవుడికిచ్చింది షోరూంకెలాగిస్తావు? మెంటాడలో కూటముంది. ఎక్కుతావా, తప్పుకుంటావా?”

ప్రతిష్ఠించినదాన్ని అమ్మకూడదని బైబిల్లో లేవీయకాండం చదివిన మాకందరికీ తెలుసు. అయినా ఆమె తప్ప ఎవరం నోరు విప్పలేదు.

సంఘపెద్ద తప్పుకున్నాడు. సిగ్గుపడుతూనే నేను వెనక తలుపు తీసి ఎక్కాను. నా వెనకే మరో ముగ్గురు ఎక్కారు.